ఫోటో వాలీ మేడమ్

నాకు భయాలు ఎక్కువ. ఇంట్లో వాళ్ళు నవ్వుకునేంత ఎక్కువ. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకాన్ని. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. లెక్కల ఉద్యోగంలో ఈ గుణానికి జాగ్రత్త అని మంచి పేరు పెడతారు. మొదట తిల్దాలో ఒక రైస్ మిల్లులో, తర్వాత రాయపూర్ పొలిమేరలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో, మొత్తం ముప్ఫై ఏళ్ళు ఆ పేరు మీదే జీతం తీసుకున్నాను. నా భయం వల్ల ఎవరికీ నష్టం జరగలేదని గర్వపడేదాన్ని కూడా. ఒక్కసారి మాత్రం దానివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ మనిషి మొహం అప్పటికి నేను చూసి ఎరగను.

ఫ్యాక్టరీ మానేసిన ఏడాది, అడవులనూ జంతువులనూ కాపాడే సంస్థ ఒకటి ఫైనాన్స్ హెడ్ కోసం వెతుకుతోందని తెలిసి వెళ్ళాను. ఆఫీసు ఒక అద్దె ఇల్లు. గోడల నిండా పక్షుల బొమ్మలు, మూలల్లో బురద బూట్లు. అక్కడ పనిచేసేవాళ్ళంతా నా కూతురి వయసువాళ్ళు. నేను గుమ్మంలోకి రాగానే మాటలు ఆపేశారు. నన్ను చూసి వాళ్ళు భయపడ్డారు, వాళ్ళను చూసి నేను భయపడ్డాను. ఎవరం బయటపడలేదు.

మొదటి రోజే సంస్థ పెద్దాయన నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి, ఒక ఉత్తరం చదివి వినిపించాడు. మాకు డబ్బిచ్చే దాతలు రాసింది అది. అడవిలో పెడుతున్న ఖర్చులకు సరైన ఆధారాలు లేవు, హోళీ వెళ్ళాక మా మనుషులు వచ్చి చూస్తారు, అప్పటికీ ఇలాగే ఉంటే ఇవ్వడం ఆపేస్తాం అని. నాకు ముందున్నాయన ఎందుకు హడావుడిగా వెళ్ళిపోయాడో అప్పుడు అర్థమైంది. పెద్దాయన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "అంతా మీ చేతిలో పెడుతున్నాను" అన్నాడు. హోళీకి ఇంకా నాలుగు నెలలుంది.

ఆ ఖర్చుల్లో పెద్దది ఏనుగుల జాడ చూసేవాళ్ళ భత్యం. మహాసముంద్ వైపు వరికోతల రోజుల్లో ఏనుగుల గుంపులు పొలాల మీదికి దిగుతాయి. ఆ పల్లెల వాళ్ళే కొందరు తెల్లవారకముందే అడవిలోకి నడిచి, గుంపు ఎటు ఉందో కనిపెట్టి, తిరిగొచ్చి చెప్పాలి. అప్పుడు ఊరి కొత్వాల్, మన తలారి లాంటివాడు, డప్పు కొట్టి, ఇవాళ ఎవరూ ఆ వైపు పోవద్దని చాటుతాడు. పని ఇంతే. దానివల్ల ఎంతమంది బతికి ఉన్నారో ఏ కాగితమూ చెప్పదు.

కాగితాలేమో నాకు పిచ్చెక్కించాయి. అరఠావు బిల్లు మీద తారీఖు, పల్లె పేరు, "మహారాజ్ నాలాకు అవతల ఉన్నారు" అని ఒక్క ముక్క. రాయపూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని, నాలా అంటే వాగని తెలుసు గానీ, నాకు మహారాజ్ అంటే పెళ్ళిళ్ళలో వంట చేసే ఆయన. అడవిలో వంటవాడెందుకని గట్టిగానే అడిగాను. ఆఫీసు ఆఫీసంతా నవ్వింది. అక్కడి పల్లెల్లో ఏనుగును పేరు పెట్టి పిలవరట, మహారాజ్ అంటారట. నేనూ నవ్వాను గానీ, ఇంత కూడా తెలియని చోట సంతకాలు ఎలా పెడతానని లోపల బెదిరిపోయాను.

బిల్లులతో పాటు ఒక హాజరు పుస్తకం వచ్చేది. సంతకాలు లేవు, పేజీల నిండా ఊదారంగు వేలిముద్రలు. అవి కూడా పనికి వెళ్ళేటప్పుడు వేసినవి కావు, తిరిగొచ్చాక వేసినవి. ఎక్కడైనా హాజరు పని మొదలయ్యే ముందు వేయిస్తారు. ఇదేం పద్ధతని ఎర్రసిరాతో రాసి పెట్టాను.

ఆ పుస్తకం తెచ్చేది కకా. అటవీశాఖలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, అడవిలో మా క్యాంపు ఆయనే చూసుకునేవాడు. ఇక్కడి భాషలో కకా అంటే బాబాయి. ఆఫీసులో అందరికీ ఆయన కకానే. మొదటిసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను.

"నోటిమాట చెల్లదు కకా. కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు. ఇకనుంచి ప్రతి బిల్లుకీ ఫోటో కావాలి, దాని మీద టైమూ చోటూ పడాలి."

కకా నెమ్మదిగా, హిందీలో నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "మహారాజ్ కంటికి కనబడ్డారంటే పని చెడిందని, మేడమ్. పని తెలిసినవాడు వింటాడు, వాసన పసిగడతాడు, అడుగు చూస్తాడు, వెనక్కి వచ్చేస్తాడు. చూడడు."

కాగితం పని తప్పించుకోవడానికి కథ చెబుతున్నాడని అనుకున్నాను. అడుగు ఫోటో అయినా పంపమన్నాను.

నెలరోజులు అడుగులూ పేడా వచ్చాయి. చిన్న చేటంత అడుగులు, గంపెడేసి పేడ. ముప్ఫై ఏళ్ళు బియ్యం, ఇనుము చూసిన నేను పేడకు సరిచూసిన గుర్తు పెట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం ముగ్గురు పంపిన మూడు బిల్లులు పక్కపక్కన పెడితే మూడింటికీ అదే పేడ. అదే ఎండుటాకు, అదే చీమల బారు. నాకు కలిగిన ఆనందం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కుర్చీలోంచి లేచి అందరినీ పిలిచి చూపించాను. దొరికారని అనుకున్నాను. మూడూ వాపసు చేసి, క్యాంపుకు సందేశం పెట్టించాను. ఇకనుంచి ఫోటోలో ఏనుగే కనబడాలి. స్పష్టంగా కనబడాలి. లేకపోతే బిల్లు పాసవదు.

ఆఫీసులో ఒక్కరూ ఇది తప్పని అనలేదు. అందరి భయాన్నీ నా నెత్తిన పెట్టి వాళ్ళు స్థిమితంగా ఉన్నారు. ఆ ముగ్గురూ కలిసి నడుస్తారనీ, ముగ్గురిలో ఒక్కడి ఫోన్లోనే కెమెరా పనిచేసేదనీ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఫోటోలు రావడం మొదలైంది. బిల్లులు దారిలో పడ్డాయని ఊపిరి పీల్చుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున్న టీ తాగుతూ వాటిని చూస్తున్నాను. టాటీబంధ్‌లో మా ఇంటి ముందు రోడ్డు మీద లారీల మోత వారానికి ఏడు రోజులూ ఉంటుంది. ఆ మోతలో మా ఆయన వెనకాల వచ్చి నిలబడింది నాకు తెలియలేదు. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, గూడ్సు బళ్ళు నడిపి రిటైరయ్యాడు.

"ఏటే ఇది? పొద్దున్నే ఏనుగుల సినిమా పెట్టినావు?"

"బిల్లులండీ."

"ఏనుగులకి బిల్లులేటి?"

నా కొత్త పద్ధతి గురించి కాస్త గొప్పగానే చెప్పాను. ఆయన కళ్ళజోడు తెచ్చుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వడం మానేశాడు.

"ఈ ఫోటో తీసినోడు ఎంత దూరంలో ఉన్నాడనుకుంటన్నావు?"

"జూమ్ చేసుంటాడు లెండి."

"చవక ఫోనుతో జూమ్ చేస్తే బొమ్మ అలుక్కుపోద్ది. ఇందల దాని కంటి రెప్పల ఎంటికలు అవుపిస్తన్నాయి." మళ్ళీ చూశాడు. "ఇరవై అడుగులు. మహా అయితే ముప్పై. గేటు కాడ నిలబడ్డ మనిషి మొకం నాకు ఇంజన్లోంచి ఇంత సాఫ్‌గా అవుపించిందంటే, మరి బ్రేకేసి లాభం లేదే."

నా చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను. ఆ ఫోటో పంపిన మనిషి బిల్లులన్నీ వరసగా తీశాను. మొదటి దాంట్లో పొలానికి అవతల చెట్ల మధ్య బూడిదరంగు మచ్చ. దాని మీద నా చేత్తో రాసిన మాట, 'అస్పష్టం'. వాపసు. రెండో దాంట్లో కొమ్మల వెనక ఒక చెవి. మళ్ళీ 'అస్పష్టం', మళ్ళీ వాపసు. మూడో దాంట్లో కన్ను. దానికి పాస్. ఆ మనిషిని ఒక్కో అడుగూ ముందుకు తోసింది నేనే.

కకాకు ఫోన్ చేశాను. రెండు మోతలకే ఎత్తాడు, ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నట్టు. ఆ మనిషి పేరు చెప్పి, ఇవాళ వెళ్ళొద్దని చెప్పండి అన్నాను.

"తెల్లవారకముందే వెళ్ళాడు మేడమ్. తోటివాళ్ళిద్దరూ కోతకు పోయారు, ఒక్కడే వెళ్ళాడు. ఎనిమిదికల్లా వచ్చేయాలి."

గోడ మీద గడియారం పది దాటింది.

"ఫోను?"

"కలవడం లేదు."

మా ఆయన అప్పటికే కారు తాళాలు తీశాడు. టాటీబంధ్ కూడలిలో లారీల మధ్య ఇరుక్కుని పావుగంట కదల్లేదు. నేను సీటు అంచున కూర్చుని ముందున్న లారీని తిడుతూనే ఉన్నాను, బతికున్నాడో లేదో తెలియని మనిషికి ఆ లారీయే అడ్డమైనట్టు. నయా రాయపూర్ రోడ్డు ఎక్కాక అసలు మనిషే లేడు. అంత వెడల్పు రోడ్డు, రెండు పక్కలా ఖాళీ. నిజం చెప్పేస్తాను. అప్పటి భయంలో సగం నా గురించే. అతనికి ఏమైనా అయితే ఆ సందేశం ఎవరు పెట్టించారని అడుగుతారు, 'అస్పష్టం' ఎవరి చేతిరాత అని అడుగుతారు. ఆ మాట కొట్టేయొచ్చా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. నాలాంటి మనిషికి అలా అనిపించిందంటే ఎంత బెదిరిపోయానో చూడండి.

క్యాంపు అంటే రెండు గదుల పెంకుటిల్లు, అడవి అంచున. దాని పక్కనే కళ్ళంలో ఒకామె వరిపనలు కట్టలు కడుతోంది. కకా మెల్లగా చెప్పాడు, అతని భార్య అని. ఆమె నన్ను చూసి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, పీట వేసి, దాన్నీ కొంగుతోనే తుడిచింది.

"మీరేనా ఫోటో వాలీ మేడమ్?"

ఫోటోలు అడిగే మేడమ్ అని నాకు అక్కడ పేరు పడిందన్నమాట. తలాడించాను.

"ఏ దారీ ఫోటో బనే ఆహీ, పాస్ హో జాహీ, కహిస్," అంది. ఈసారి ఫోటో బాగా వస్తుంది, పాసవుతుంది అని చెప్పి వెళ్ళాడట. ఆ మాటలో నా మీద కోపం లేదు. నేను మెచ్చుకోవాలన్నట్టు చెప్పింది. చెప్పి మళ్ళీ పనలు కట్టడానికి వెళ్ళింది. ఆమె చేతులు మామూలు కంటే వేగంగా కదులుతున్నాయని ఎవరికైనా తెలిసిపోతుంది. ఒక్కో కట్ట కట్టాక అడవి వైపు చూసేది. నేను ఆ పీట మీద కూర్చోలేకపోయాను.

"వెతకడానికి ఎవరూ వెళ్ళరా?" అని కకాను అడిగాను.

"దంతాలున్న మహారాజ్ ఒకరు గుంపు విడిచి నాలా దగ్గర తిరుగుతున్నారు. ఇప్పుడు లోపలికి వెళితే ఇద్దరిని వెతకాల్సి వస్తుంది."

అతని తోటివాళ్ళిద్దరూ కోత వదిలి వచ్చి పొలం గట్టు మీద కూర్చున్నారు. మాట్లాడుకోవడం లేదు, బీడీ కూడా కాల్చడం లేదు. మెడలు కాస్త వంచి వింటున్నారు. కకా చెప్పిన వినడం అదే అని అప్పుడు చూశాను. నేనూ విన్నాను. నాకు ఏమీ వినిపించలేదు. ఒకసారి దూరంగా కొమ్మ విరిగిన చప్పుడైతే ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు, కళ్ళంలో ఆమె చేతులు ఆగిపోయాయి. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టాల మీద మనుషులను చూసిన మనిషి ఆయన.

పన్నెండైంది. ఒంటిగంటైంది. ఆమె అన్నం కుండ మీద మూత సరిచేసి వచ్చింది. నేను దేవుళ్ళందరికీ మొక్కడం అయిపోయి, ఆ మనిషికే మొక్కడం మొదలుపెట్టాను. నువ్వు రా, చాలు. బిల్లు లేదు, ఫోటో లేదు, నువ్వు రా. అప్పటికి నా గురించిన భయం పోయింది. ఎప్పుడు పోయిందో తెలియదు.

మూడు దాటాక ఎవరో వస్తున్నారని గట్టు మీద ఒకతను లేచాడు. మేమంతా అడవి వైపు చూస్తుంటే, అతను ఊరి వెనక దారిలోంచి వచ్చాడు, చుట్టు తిరిగి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, బక్కపలచని మనిషి. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఒక కాలికే చెప్పు. మోచేతులు గీరుకుపోయాయి. ఎవరూ అరవలేదు, పరిగెత్తలేదు. భార్య చెంబు నిండా నీళ్ళు తెచ్చి, ఇవ్వకుండా పట్టుకుని నిలబడింది.

ముందు కకా వెళ్ళాడు. చంకలో ఆ హాజరు పుస్తకం, చేతిలో ఊదా సిరా డబ్బా. అతను బొటనవేలు సిరాలో అద్ది ఆ రోజు గీతలో నొక్కాడు. ముద్ర పక్కకు పాకింది. అప్పుడు ఆమె నీళ్ళిచ్చింది.

"ఇది ముందు, తర్వాతే నీళ్ళు," అన్నాడు కకా నా వైపు తిరగకుండా. "వెళ్ళేటప్పుడు ఎవరైనా వేస్తారు మేడమ్. తిరిగొచ్చినవాడే కదా ఇక్కడ వేయగలడు."

ఎర్రసిరాతో నేను తప్పని రాసిన పద్ధతి ఇది. ఆ పేజీల్లో ఉన్న ప్రతి ముద్రా ఒక మనిషి ప్రాణంతో తిరిగి వచ్చాడన్న ఆధారం. ఇంతకంటే గట్టి ఆధారం నేను ముప్ఫై ఏళ్ళలో ఏ ఫైల్లోనూ చూడలేదు. హోళీ తర్వాత దాతల మనుషులు వచ్చినప్పుడు ఈ పుస్తకాన్నే వాళ్ళ ముందు పెట్టాను. గుచ్చిగుచ్చి అడిగారు, చివరికి ఒప్పుకున్నారు. అది వేరే సంగతి.

నీళ్ళు తాగాక అతనికి నేను కనబడ్డాను. ఎవరో కకా చెప్పాడు. అతని మొహంలో రంగు మారింది. నాలా దగ్గర గాలి మళ్ళి నా వాసన అటు పోయిందనీ, చెట్టెక్కాననీ, మహారాజ్ ఆ చెట్టు కిందే మధ్యాహ్నం దాకా నిలబడి కదల్లేదనీ తోటివాళ్ళకు చెబుతున్నవాడల్లా ఆపేసి, నడుముకు కట్టుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి ఫోను తీసి, తుడిచి, నాకు చూపించాడు.

తెర నిండా బూడిదరంగు. ముడతలు, మట్టి, నాలుగు వెంట్రుకలు. ఎండిన మడిలో నెర్రెలు పడ్డట్టుంది. ఏనుగు వీపు అది, చెట్టు మీదినుంచి తీసింది. అంత దగ్గరగా తీస్తే ఏనుగు కనబడదు.

"సాఫ్ రాలేదు మేడమ్," అన్నాడు. గొంతులో భయం. అంతసేపు చెట్టు మీద పడ్డ భయం కాదది, నేనంటే భయం. "పాసవుతుందా?"

నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. ఇక ఫోటోలు వద్దు, ఎవరూ తీయొద్దు, ఏనుగును చూడనే చూడొద్దు, ఆగిన బిల్లులన్నీ పాసవుతాయి అని హిందీలో తడబడుతూ చెప్పాను. అతను నమ్మలేదు. కకా వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, చాలా మర్యాదగా చేతులు జోడించాడు.

"రాసి ఇవ్వండి మేడమ్. నోటిమాట చెల్లదని మీరే చెప్పారట."

కకా పుస్తకం చివర్నుంచి ఒక పేజీ చింపి ఇచ్చాడు. కారు బానెట్ మీద పెట్టి, చెప్పినదంతా హిందీలో రాసి, కింద సంతకం పెట్టాను. కకా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. సంతకాన్ని వేలితో తడిమి చూసి, ఇంకేదో తక్కువైనట్టు నిలబడే ఉన్నాడు. కకాకు అర్థమై సిరా డబ్బా నా ముందుకు జరిపాడు. నా బొటనవేలు అద్ది, సంతకం పక్కన గట్టిగా నొక్కాను.

ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాక గానీ అతను నేల మీద కూర్చోలేదు.